అద్దెకుండేవాళ్ళ పిల్లలకు ఆట స్థలం కావాలని అర్జీ ఇస్తే పట్టించుకుంటారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు, సెల్లార్లో గానీ మేడమీద గానీ పిల్లల్ని ఆడుకోనివ్వడం లేదు, మున్సిపల్ వాళ్ళకు చెప్తే ఏమైనా జరుగుతుందా, అద్దెకున్నవాళ్ళే కదా అని తీసిపారేస్తారా అని అడిగారు. నేనూ ఇదే ఊళ్ళో ఇదే పని మీద దాదాపు ఏడాది తిరిగాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అపార్ట్‌మెంట్ లోపలి గొడవగా తీసుకెళ్తే ఏమీ జరగదు. మా కాలనీలో పిల్లల కోసం వదిలిన స్థలం ఎక్కడుంది అని అడిగితే జరుగుతుంది. ఈ తేడా తెలియక నాకు ఆరు నెలలు వృథాగా పోయాయి.

మాది ఊరి అంచున ఒక కాలనీ. పేరు రాయడం లేదు, ఆ బిల్డింగులో మాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మా ఆయన తిరుమలకు టాక్సీ నడుపుతాడు, తెల్లారకముందే పోతాడు. నేను ఒక ట్రావెల్స్‌లో లెక్కలు రాస్తాను. పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు, బాబుకు ఐదు. పదిహేను ఫ్లాట్లలో తొమ్మిదింట్లో అద్దెవాళ్ళమే. కొండ మీద డ్యూటీ చేసేవాళ్ళు, స్విమ్స్‌లో పనిచేసే నర్సులు, హోటళ్ళలో పనికి వచ్చినవాళ్ళు. తిరుపతిలో ఏ వీధి చూసినా ఇంతే కదా.

ఒక ఆదివారం సాయంత్రం పాప సెల్లార్లో రెండు కార్ల మధ్య చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ళ గీసుకుంది. నాలుగో గడిలో బిళ్ళ వేసి ఒంటికాలి మీద నిలబడి ఉంది. వాచ్‌మన్ బకెట్‌తో నీళ్ళు తెచ్చి గీతల మీద పోశాడు. పాప ఎత్తిన కాలు దించలేదు. సుద్ద కలిసిన తెల్లటి నీళ్ళు తన చెప్పు కిందికి పారుతుంటే అలాగే చూస్తూ నిలబడింది. ఏడవను కూడా లేదు. నాకు మాత్రం గుండె పిండేసినట్టయింది. "నేనేం చేసేదక్కా, కమిటీ వాళ్ళు చెప్తే చెయ్యాల గదా" అన్నాడు వాచ్‌మన్, మొహం పక్కకు తిప్పుకుని. మర్నాడు లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు: "అద్దెకున్నవారి పిల్లలు సెల్లార్‌లో, టెర్రస్‌పై ఆడరాదు." ఓనర్ల పిల్లల మాట అందులో లేదు. అందరి పిల్లలూ ఆడకూడదని రాసి ఉంటే బహుశా నేను ఊరుకునేదాన్ని.

ఆ కోపంలోనే మొదటి అర్జీ పెట్టాను. సోమవారం సోమవారం అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. మీకు ఒక అనుమానం ఉన్నట్టుంది, అది తీరుస్తాను: అందులో అర్జీ ఇవ్వడానికి సొంతిల్లు ఉండాల్సిన పని లేదు, ఇంటి పన్ను రశీదు చూపించమని ఎవరూ అడగరు. ఆధార్, ఫోన్ నంబరు చాలు. నంబరు వేసిన రశీదు ఇస్తారు, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి. పనికి సెలవు దొరక్కపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించుకోవచ్చు. నేను మాత్రం కాగితం పట్టుకుని నేరుగా వెళ్ళడమే మేలంటాను. మనిషి ఎదురుగా నిలబడితే కనీసం ఒకసారి తలెత్తి చూస్తారు.

రెండు వారాల్లో జవాబు వచ్చింది. ఇది ప్రైవేటు భవనంలోని ఉమ్మడి స్థలానికి సంబంధించిన విషయం కాబట్టి అసోసియేషన్‌ను సంప్రదించమని. ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు. మమ్మల్ని తరిమిన వాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళమంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత నిదానంగా తెలుసుకుంటే, చట్టం ప్రకారం వాళ్ళు చెప్పింది తప్పు కాదు. సెల్లార్‌కు ప్లాన్‌లో అనుమతి ఇచ్చేది పార్కింగ్‌కే. అక్కడ పిల్లల్ని ఆడనివ్వండి అని ఏ ఆఫీసరూ రాసివ్వలేడు. మెట్లు, టెర్రస్ లాంటి ఉమ్మడి స్థలాలు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద ఫ్లాట్ల యజమానులవి. వాటిని వాడుకునే వీలు మనకు మన ఓనర్ ద్వారానే వస్తుంది, కాబట్టి కమిటీని నిలదీయాల్సింది మన ఓనర్. మా ఓనర్ ఉండేది చెన్నైలో. ఫోన్ చేస్తే "ఎందుకమ్మా గొడవలు, సర్దుకుపోండి" అన్నాడు. ఆ తర్వాత నాలుగైదు నెలలు కమిటీ వాళ్ళ చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. దాని గురించి రాయడం దండగ.

దారి చూపించింది వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే సెక్రటరీ. వేరే పని మీద వెళ్ళి, మాటల్లో చెప్పుకున్నాను. "మేడం, బిల్డింగు సంగతి వదిలేయండి. మీ లేఅవుట్‌కి అప్రూవల్ ఉందా? ఉంటే ఓపెన్ స్పేస్ యాడుందో కనుక్కోండి" అంది ఆ అమ్మాయి.

లేఅవుట్ వేసేటప్పుడు, అంటే భూమిని ఇళ్ళ ప్లాట్లుగా విడగొట్టేటప్పుడు, మొత్తం స్థలంలో 10 శాతం పార్కుకో ఆటస్థలానికో ఖాళీగా వదలాలి. మన రాష్ట్రంలో 2017 లేఅవుట్ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. ఆ స్థలాన్నీ, రోడ్లనూ ఉచితంగా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసిచ్చాకే తుది అనుమతి వస్తుంది. అంటే ఆ స్థలం మీద అపార్ట్‌మెంట్ కమిటీకి గానీ, ప్లాట్ల ఓనర్లకు గానీ ప్రత్యేకంగా ఏ హక్కూ ఉండదు. అక్కడ ఓనర్ కొడుకూ, మన కొడుకూ, పక్కన బిల్డింగు కడుతున్న కూలీల బిడ్డా సమానమే. ఇది విన్నప్పుడు నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే, ఆ చుట్టుపక్కల నివసించేవాళ్ళు కోర్టుకెళ్ళి ఆపించారు. పార్కు స్థలాన్ని అలా ప్రైవేటు వాళ్ళకు మళ్ళించడానికి లేదని, అక్కడ ఉండేవాళ్ళకు ప్రశ్నించే హక్కు ఉందని కోర్టు తేల్చింది.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నేను మూడే అడిగాను: ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్ కాపీ, అందులో ఓపెన్ స్పేస్ ఉన్న సర్వే నంబరు, గిఫ్ట్ డీడ్ కాపీ. మీరూ అలాగే అడగండి. "ఎందుకు అభివృద్ధి చేయలేదు" లాంటి ప్రశ్నలు వేయకండి, కాగితాలు అడిగితేనే కాగితాలు వస్తాయి. మీ లేఅవుట్ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిందైతే దరఖాస్తు తుడాకు, లేకపోతే నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్‌కు.

గడువుకు రెండు రోజుల ముందు కవర్ వచ్చింది. ప్లాన్ జిరాక్స్‌ను వంటింటి గట్టు మీద పరిచి, మా వీధి ఎక్కడా అని వేలు పెట్టి వెతికాను. మా సందు చివర గీతలు కొట్టిన ఒక చతురస్రం, దాని మధ్యలో ఓపెన్ స్పేస్ అని చిన్న అక్షరాలు. రోజూ బాబును స్కూలు ఆటో ఎక్కించేది ఆ చోటు పక్కనే! నడుము ఎత్తు కంప చెట్లు, ఎవరో బిల్డర్ దింపిన ఇసుక, ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలకు రేకుల షెడ్డు. అది ఆ బిల్డర్ స్థలమేనని అందరం అనుకునేవాళ్ళం.

రెండో అర్జీలో అపార్ట్‌మెంట్ మాటే ఎత్తలేదు. కంప తీయించండి, మెటీరియల్ ఖాళీ చేయించండి, ప్రభుత్వ స్థలమని బోర్డు పెట్టండి, ఈ మూడే రాశాను. ఉయ్యాల, జారుడుబల్ల అడగలేదు. వాటికి ఎస్టిమేట్ కావాలి, ఫండ్స్ కావాలి, ఆ పేరుతో ఫైల్ నెలలు ఆగిపోతుంది. ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ, ఫోటోలు జత చేశాను. మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం ఆడుకోవడాన్ని పిల్లల హక్కుగా చెప్తుందని ఒక్క వాక్యం కూడా రాశాను. ఎవరు చదివినా చదవకపోయినా, అది ఆ కాగితం మీద ఉండాలనిపించింది.

సంతకాల దగ్గర మాత్రం కష్టపడ్డాను. అద్దెకున్నవాళ్ళ భయం ఒకటే, రేపు ఓనర్ ఖాళీ చేయమంటే? నాకూ ఉండింది ఆ టెన్షన్. స్కూలు ఏడాది మధ్యలో ఇల్లు మారడం అంటే మాటలు కాదు. అప్పుడు మొదటి అంతస్తులో సొంత ఫ్లాట్ ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన, కాగితం తీసుకుని కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, అందరికంటే పైన తన సంతకం పెట్టారు. "మా మనవడు సెలవులకొస్తే ఆడుకోవాలి గదమ్మా" అన్నారు. ఆయన పేరు చూశాక మిగతావాళ్ళు పెట్టారు. ముప్పై ఒక్క సంతకాలు. మీ కాలనీలోనూ ఒక్క ఓనర్నైనా వెతకండి. మన హక్కుకు వాళ్ళ సంతకం అక్కర్లేదు, కానీ మనవాళ్ళ భయం తగ్గడానికి కావాలి.

మధ్యలో ఒక నాయకుడి దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "మీ ఓటు యాడుందమ్మా?" మా ఓట్లు పీలేరులో ఉన్నాయి. ఆ మాటకు సమాధానం చెప్పలేకపోయాను. వచ్చిన వారంలోనే ఫారం 8 పెట్టి ఇద్దరి ఓట్లూ ఇక్కడికి మార్పించుకున్నాం. రిజిస్టర్ అయిన అద్దె అగ్రిమెంట్ చిరునామాకు రుజువుగా చెల్లుతుంది. మీరు ఇక్కడే నాలుగైదేళ్ళు ఉండేవాళ్ళైతే ఆ పని ముందు చేసుకోండి.

ఇంకొక మాట కూడా వింటారు: "పార్కులు ఉన్నాయి గదా, వినాయకసాగర్ ఉంది, ప్రకాశం పార్కు ఉంది." ఉన్నాయి, బాగానే ఉన్నాయి, పండగలకు మేమూ వెళ్తాం. కానీ నేను ఇంటికొచ్చేది సాయంత్రం ఆరుకు. ఐదేళ్ళ పిల్లాణ్ణి రోజూ ఆటో ఎక్కించి, ఊరు దాటించి ఆడించుకుని రావడం ఏ తల్లికి కుదురుతుంది? పిల్లల ఆట స్థలం అంటే వంటింటి కిటికీలోంచి పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. నా అర్జీలో ఇదే మాట ఇలాగే రాశాను.

ఒకాయన వచ్చి ఫోటోలు తీసుకెళ్ళాడు. మూడు వారాల తర్వాత మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. వెళ్ళి చూస్తే ఒక్క కంప కొమ్మ కూడా కదల్లేదు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఆ రోజు పేపర్ చేతిలో పట్టుకుని, తేదీ కనిపించేలా పాపతో ఫోటో తీయించుకుని, తర్వాతి సోమవారం పాత రశీదుతో సహా మళ్ళీ ఇచ్చాను. ఈసారి ఒక ఆఫీసర్ ఆ ఫోటో చూసి, ఫోన్ తీసి ఎవరికో గట్టిగా చెప్పారు. బిల్డర్‌కు నోటీసు వెళ్ళింది. పది రోజుల్లో షెడ్డు పోయింది, ఆ తర్వాత గురువారం జేసీబీ వచ్చింది.

స్కూలు నుంచి వచ్చిన పిల్లలు బ్యాగులు కూడా దించకుండా గోడ మీద వరసగా కూర్చుని చూశారు. కంప వేళ్ళతో సహా లేస్తుంటే, మట్టిలోంచి తుప్పు పట్టిన ఇనుప మెట్లు నాలుగు బయటపడ్డాయి. జారుడుబల్ల మెట్లు. మాకంటే ముందు ఎప్పుడో ఇక్కడ పిల్లలు ఆడుకున్నారు. వాళ్ళు పెద్దయ్యాక అడిగేవాళ్ళు లేక కంప పెరిగింది. అది చూసి డ్రైవర్ కూడా కాసేపు మిషన్ ఆపాడు.

ఇప్పుడు అక్కడ రోజూ సాయంత్రం ఇరవైమంది పిల్లలు ఉంటారు. క్రికెట్ ఎక్కువ, ఒక మూల మా పాప వాళ్ళ తొక్కుడుబిళ్ళ. బోర్డు పెట్టారు. కంచె ఇంకా వేయలేదు, లైటు స్తంభానికి ఎస్టిమేట్ పంపామన్నారు, దాని కోసం తిరుగుతున్నాం. లిఫ్ట్ పక్కన ఆ కాగితం ఇంకా అలాగే ఉంది. మేము అదే ఇంట్లో ఉన్నాం, ఎవరూ ఖాళీ చేయమనలేదు.

మీ లేఅవుట్‌కి అప్రూవల్ లేకపోతే ఈ దారి పనిచేయదు, అలాంటిచోట ఓపెన్ స్పేసే వదలకపోయి ఉండొచ్చు. అప్పుడు దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే, సాయంత్రం రెండు గంటలు గేటు తీయమని తల్లిదండ్రులంతా కలిసి అడగండి. అప్రూవల్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎల్.పి. నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు కావాలి. అది మీ ఓనర్ రిజిస్ట్రేషన్ కాగితాల్లో ప్లాటు వివరాల దగ్గర ఉంటుంది. ఓనర్‌ని అడిగితే ఎందుకని అనుమానపడతారు అనుకుంటే, కాలనీ పేరు, వీధి పేరు రాసుకుని సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. నంబరు దొరికాక ఇక్కడ ఒక మాట రాయండి, నా రెండో అర్జీ నకలు పంపిస్తాను.