అదే రోడ్డు, అదే బస్సు

ప్రొద్దుటూరు
ఆదివారం, మాపటేళ

పాపా,

మొన్న నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండానే ఫోను జేజి చేతికిచ్చినాను. కండక్టరు పని చేసినోడికి నోటిమాట కంటే కాగితం మీద నమ్మకం ఎక్కువ. అందుకే రాస్తున్నా.

"అబ్బా, 31 ఏళ్లు ఆ కడప రోడ్డు మీదనే తిరిగినావే, నీకు విసుగు పుట్టలేదా?" అని మనవరాలివి కాబట్టి నవ్వుతానే అడిగినావు. దానికి ముందర చెప్పిన సంగతులు మాత్రం నవ్వేటివి కాదు. పొద్దున లేస్తే ల్యాప్‌టాపు, రాత్రి పడుకుంటే ఫోను, సోమవారానికీ గురువారానికీ తేడా తెలియడం లేదన్నావు. కాలేజీలో బొమ్మలు వేసేదానివి, ఇప్పుడు పెన్సిలు పట్టుకోబుద్ధి కావడం లేదు, మనసుకు ఊపు రావడం లేదన్నావు.

విసుగు పుట్టింది. పుట్టలేదని నీకు అబద్ధం ఎందుకు చెప్పాల? 1980లో డ్యూటీలో చేరినప్పుడు ఆరునెలలు పెండ్లికొడుకు మాదిరి తిరిగినాను. ఏడో నెల నుంచి కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు. మళ్లీ ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, కమలాపురం, కడప. కండ్లు మూసుకున్నా ఏ గుంత దగ్గర ఎగిరిపడతామో నా నడుముకు తెలుసు. అట్లాంటి రోజుల్లో ఒకనాడు ఎర్రగుంట్లలో ఎక్కిన ముసలామె ఒకామె "నాయనా, పాపాఘ్నిలో నీళ్లొచ్చినాయా?" అని అడిగింది. కమలాపురం వంతెన మీద ఏరు దాటి ముప్పావు గంట కూడా కాలేదు. పొద్దున్నుంచి అది మూడోసారి. నీళ్లు పారుతున్నాయో, ఉత్త ఇసకే ఉందో చెప్పలేకపోయినాను. "చూడలేదమ్మా" అన్నాను. ఆమె నన్ను ఒక మాటు పైనుంచి కిందికి చూసి "కండ్లు బాగలేవా నాయనా?" అంది. ఎగతాళికి కాదు, నిజంగా జాలిపడి అడిగింది. ఆ జాలి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అట్టముక్కలు ఆ రాత్రి మొదలైనాయి.

మా కాలంలో ఇప్పటి మాదిరి మిషన్లు లేవు, కాగితం టికెట్ల కట్టలు ఉండేవి. కట్ట అయిపోతే అడుగున చిన్న అట్ట మిగిలేది. రోజుకు ఒక అట్ట, దాని మీద ఒక్క వాక్యం. అంతకంటే ఎక్కువ రాయకూడదని నాకు నేనే పెట్టుకున్న కట్టడి. ఇంకొకటి కూడా పెట్టుకున్నాను: "బాగుంది", "అందంగా ఉంది" అనే మాటలు రాయకూడదు. ఏం చూసినానో, ఏం విన్నానో, ఏ వాసన వచ్చిందో అదే రాయాల. మొదట్లో ఏమీ దొరికేది కాదు. "ఎండగా ఉంది" అని వరసగా నాలుగు రోజులు రాసిన అట్టలు ఇంగా ఉన్నాయి. మన సీమలో ఎండగా ఉండడం కూడా ఒక వార్తేనా! నెల తిరిగేసరికి మాత్రం పొద్దున బస్సెక్కేటప్పుడే కండ్లు వెతుక్కోవడం మొదలుపెట్టినాయి. ఈ పూట అట్టకు ఏం దొరుకుతుందా అని.

పెట్టెలోంచి తీసి కొన్ని నీకోసం దింపుతున్నా:

"వంతెన కింద ఇసకలో గాడిద. దాని నీడ దానికంటే పొడుగు."

"చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన పిల్లోడు ఆఖరి పది పైసలు వదలలేక వేళ్లతో పట్టుకునే ఉన్నాడు."

"కానుగలు చిగురేసినాయి. డ్రైవరు అద్దంలో చూసి తల దువ్వుకున్నాడు."

ఇవి కవిత్వం కాదు, నాకు తెలుసు. నువ్వు కూడా కవిత్వం రాయాలని కూర్చోవద్దు, ఆ భయంతో చెయ్యి బిగుసుకుంటుంది. మా బస్సు స్టార్టు కాకపోతే అందరమూ దిగి తోసేవాళ్లం. నాలుగు అడుగులు కదిలినాక ఇంజను తానే అందుకునేది. నువ్వు ఇంజను అందుకున్నాక తోద్దామని కూర్చున్నావు.

ఒక అట్ట గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాల. బుడ్డశనగ పంట సంగతి నీకు తెలుసు కదా, కమలాపురం ఎర్రగుంట్ల చుట్టూ నల్లరేగడి చేలల్లో వానలు వెనకబట్టినాక వేస్తారు. చలికాలం పొద్దున ఒక రైతు బస్సెక్కినాడు, చేతిలో సీసా, అందులో ఏదో నీళ్లు. సారాయేమో అనుకుని "బస్సులోకి తేకూడదు" అన్నాను. ఆయన మూత తీసి నా అరచేతిలో రెండు చుక్కలు పోసి నాకమన్నాడు. నాకినాను. పులుపు, కొంచెం ఉప్పు, నాలుక మీద చురుక్కుమంది. శనగ ఆకు మీద పులుపు ఊరుతుంది. రాత్రి చేను మీద పల్చటి పంచె పరిస్తే మంచుతో పాటు ఆ పులుపును కూడా గుడ్డ పీల్చుకుంటుంది. తెల్లారి పిండుకుంటే సీసాలోకి వస్తుంది. కడుపునొప్పి వచ్చిన మనవడికి తీసుకుపోతున్నాడంట. ఆ చేల పక్కనుంచి ఎన్ని చలికాలాలు పోయినానో! ఆకు మీద అంత పులుపుందని నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు. ఆ రోజు నుంచి నా అట్టల్లో సగం నేను చూసినవి కావు, జనాన్ని అడిగి తెలుసుకున్నవి. నువ్వుండే తావ కూడా కూరగాయలమ్మే ఆమె ఉంటుంది, లిఫ్టు బాగుచేసే అబ్బాయి ఉంటాడు. వాళ్లకు తెలిసినది నీకు తెలియదు. అడుగు.

ఇంక పద్యాల సంగతి. నాకు పద్యాలు ఎట్ల వచ్చినాయని చిన్నప్పుడు నువ్వు ఒకటే అడిగేదానివి. బడిలో రాలేదు, బస్సులో వచ్చినాయి. తెలుగు అయ్యవారు ఒకాయన రోజూ కడపలో ఎక్కి కమలాపురంలో దిగేవాడు. నేను అట్టమీద ఏదో గీకుతుంటే చూసి, దిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడి వేమన పద్యం రెండు పాదాలు చెప్పి దిగిపోయినాడు. "మిగతాది?" అన్నాను. "రేపు" అన్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, నేను రైట్ చెప్పడం మర్చిపోయినాను. మరునాడు దాకా ఆ రెండు పాదాలు నోట్లో నానుతానే ఉన్నాయి. ఆటవెలదికి నాలుగు పాదాలు, వేమనదైతే ఆఖరిది ఎట్లా సంతకమే. మనం మోయాల్సింది మూడే. ఆ అయ్యవారు రిటైరయ్యే దాకా అట్ల సగం సగం పద్యాలే నాకు ఇచ్చినాడు. పూర్తి పద్యం ఒకేసారి ఇచ్చుంటే ఆ పూటే మరిచిపోయేవాణ్ణి.

నువ్వూ అంతే చెయ్యి. వందపద్యాల పుస్తకం కొని బీరువాలో పెట్టొద్దు. రెండు పాదాలు తీసుకో, చేతితో రాసుకో, ఫోటో తియ్యొద్దు. స్నానం చేసేటప్పుడు, అన్నం కుక్కర్లో పెట్టేటప్పుడు నోట్లో తిప్పు. అర్థం కాకపోయినా పరవాలేదు, మాట రుచి ముందు తెలియనీ. మిగతా రెండు పాదాలు ఎల్లుండి చూసుకో.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు కడపలో ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర పేరు మీది లైబ్రరీకి తీసుకుపోతా. ఆ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినాడు. ఇక్కడ బంగళా కొని, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి తాటాకుల మీది కావ్యాలకు మంచి ప్రతులు రాయించినాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషుతో సహా అచ్చేయించినాడు. నాకు నచ్చేది ఆయన దొరతనం కాదు. రోజూ కచేరీలో ఉద్యోగం చేసుకుంటానే ఇదంతా చేసినాడు, అది నచ్చుతుంది. "టైము లేదు అబ్బా" అని నువ్వు అన్నప్పుడల్లా నాకు ఆ బంగళా గుర్తొస్తుంది. ఇది దెప్పడానికి రాయలేదు. సరే, కొంచెం దెప్పడానికే రాసినాను.

మన ప్రొద్దుటూరులో పుట్టపర్తి నారాయణాచార్యులనే కవి ఉండినాడు. అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణాలు చేస్తా శివతాండవం కట్టినాడని ఇక్కడ చెప్పుకుంటారు. అది కూర్చుని చదివితే సగమే తెలుస్తుంది. మిద్దె మీద అటూ ఇటూ నడుస్తా పైకి చదువు, కాళ్లు తాళం వాటంతటవే పట్టుకుంటాయి. మీ అపార్టుమెంటు మిద్దె మీద చదివితే పక్కవాళ్లు ఏమనుకుంటారో అని భయపడొద్దు. నేను నిండు బస్సులో చదివినాను. ఒకాయన చిల్లర వద్దని కూడా దిగిపోయినాడు.

రాజంపేట పక్కన తాళ్లపాక అన్నమయ్య సంగతి తెలిసిందే. పదహారో ఏట మొదలుపెట్టి 1503లో పోయేదాకా రోజుకొక పాటకు తక్కువ కాకుండా కట్టినాడంటారు. ఆయన పాటల్లో దంపుళ్లు ఉన్నాయి, జోలలు ఉన్నాయి. రోకలి చప్పుడులో పాట విన్నాడు ఆయన. నీ వాషింగ్ మెషిన్ చప్పుడులో ఏముందో నాకు తెలియదు, నువ్వే విని చెప్పాల.

బొమ్మల విషయం జేజిని అడిగితే బాగుంటుంది. నాకు గీత రాదు. ఆమె మాత్రం పెండ్లయి వచ్చిన దగ్గర్నుంచి వాకిట్లో ముగ్గు మానలేదు. పదిహేను చుక్కల ముగ్గు ఒకసారి మధ్యలో తప్పింది. చెరిపేస్తుందనుకున్నాను. తప్పిన చుక్క దగ్గర ఒక చిలకను వేసి కలిపేసింది. వీధిలో ఆడవాళ్లు మరునాడు ఆ చిలక ముగ్గు నేర్పమని వచ్చినారు. మీ గుమ్మం ముందర స్టిక్కరు ముగ్గు ఉందని ఫోటోలో చూసి ఆమె రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు. నేనేమో అంటించినట్టు! అది పీకేసి వారానికి ఒక్కరోజన్నా చాక్‌పీసుతో నాలుగు చుక్కలు పెట్టు.

బెంగుళూరు నుంచి లేపాక్షి పొద్దున పోయి రాత్రికి రావచ్చు, హిందూపురం పక్కనే. అందరూ నంది ముందర నిలబడి ఫోటో తీసుకుంటారు, వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఇవతలికి లాగుతారు. అయిపోయింది, బిర్యానీకి పోతారు. నువ్వట్ల చెయ్యొద్దు. నేను మొదటిసారి పోయినప్పుడు అట్లనే చేసి వచ్చినాను. రెండోసారి జేజి పట్టుపట్టింది. మంటపంలో బండ మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూడమంది. పడుకున్నాను. పైన బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు ఒకదాని మాదిరి ఇంకొకటి లేదు. 16వ శతాబ్దంలో ఆ రంగులు వేసినాయన కూడా పైకి చూసుకుంటానే, మెడ నొప్పి పెట్టుకునే వేసుంటాడు కదా అనిపించింది. లతా మంటపంలో స్తంభాల మీద రకరకాల లతలు చెక్కినారు, చీర అంచులకు ఆ నమూనాలు వాడుకున్నారంటారు. జేజి తన ధర్మవరం పట్టుచీర కొంగు తీసి స్తంభం పక్కన పెట్టి పోల్చి చూస్తా గంటసేపు అక్కడనే నిలబడింది. నువ్వు పెన్సిలు తీసుకుపో. గుడంతా తిరగొద్దు. ఒక్క స్తంభం, అందులో ఒక్క లత, చెడిపోయినా సరే గీసుకుని రా.

వాట్సాప్‌లో పొద్దున్నే గులాబీ పువ్వు మీద సూక్తి రాసి పంపేవాళ్లు మన ఇంట్లోనూ ఉన్నారు, ఎవరో నీకు తెలుసు. వాటితో నాకు పేచీ లేదు గానీ, అది ఎవరో నమిలి పెట్టిన మెతుకు. నీ అట్టమీద గాడిద నీది.

ఇంకో మాట. ఇదంతా విసుగుకు మందు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, ఏమీ తినబుద్ధి కాకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా అది విసుగు కాదు. దానికి పద్యాలు, ముగ్గులు చాలవు. డాక్టరు దగ్గరికి పో, పోయే ముందర మాకు ఫోను చెయ్యి. రాత్రి ఎన్ని గంటలైనా సరే. జేజి ఎట్లా మూడు గంటలకే లేస్తుంది.

ఆ కమలాపురం వంతెన 2021 నవంబరు వానలకు కూలిపోయింది. టీవీలో చూసినప్పుడు నేను చేసిన మొదటి పని పెట్టె దించడం. దాని మీద ఎన్ని అట్టలున్నాయా అని లెక్కపెట్టినాను. 212. నీళ్లున్నవి, లేనివి, గాడిద, మేకలు, ఇసకలో చెలమ తీసి బిందె ముంచుకునే ఆడవాళ్లు. ఇప్పుడు ఏ ముసలామె అడిగినా చెప్పగలను, ఫలానా ఏడు ఫలానా నెలలో నీళ్లున్నాయా అని.

మన వీధి అబ్బాయి రేపు రాత్రి బస్సుకు బెంగుళూరు వస్తున్నాడు, వాని చేత సంచి పంపిస్తున్నా. పైన చెనిక్కాయ ఉండలు, వాటి కింద ఊరిమిండి డబ్బా ఉంది, నూనె కారకుండా నిలబెట్టి తియ్యి. అడుగున ఇరవై అట్టముక్కలు. పన్నెండు నావి, ఎనిమిది ఖాళీవి. అట్టలకు కట్టిన దారం జేజి పూలు కట్టుకునేది. తెంపొద్దంట, విప్పి మళ్లీ పంపమంది.

మీ అబ్బ