8.33 శాతానికి కన్నీళ్లెందుకు?

తమ్ముడూ,

డిగ్రీ పిల్లల కోసం నువ్వు రాసిన కథాపాఠం చదివాను. సంభాషణలు బాగున్నాయి. దసరాకి ఓనరు 8.33 శాతం బోనస్ ప్రకటించగానే కార్మికులు కన్నీళ్లు పెట్టుకున్న చోట మాత్రం ఒళ్లు మండింది. అది 1965 బోనస్ చట్టం కింద ఇవ్వాల్సిన కనీసం. 2019 వేతనాల కోడ్ కూడా అలాగే ఉంచింది. నష్టం వచ్చిన ఏడాదీ ఇవ్వాల్సిందే. హక్కుగా రావాల్సినదాన్ని దయగా చూపించి, పైన 'ప్రేరణ' అని శీర్షిక పెడతావా? పాఠ్యపుస్తకాల సంపాదకులకు చప్పట్లతో ముగిసే కథలంటే మోజు. వాళ్ల కోసం రాయకు.

న్యాయమైన పంపకం గురించి మనస్తత్వవేత్త ఆడమ్స్ 1963లో చెప్పింది అందరికీ సమానంగా పంచమని కాదు. తాను పెట్టినదెంత, తనకు దక్కిందెంత అని మనిషి లెక్కేసుకుని, ఆ నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుంటాడని. నీ కథలో ఆ పక్కవాడే లేడు.

సింగరేణి చూడు. 2024లో లాభాల వాటా పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,000. కాంట్రాక్టు వాళ్లకు ఇవ్వడం అదే మొదలు. ఆ 5,000 సంతోషమా, అవమానమా? అతను నిరుటి సున్నాతో పోల్చుకుంటాడా, పర్మినెంటు మనిషితోనా? కథ అక్కడ ఉంది.

పాఠం చివర నిర్వచనాలు అడక్కు. బోర్డు మీద 40,000 రూపాయలు వేయించు. పంచాల్సింది నలుగురికి: ఇరవయ్యేళ్ల సీనియర్, అందరికన్నా ఎక్కువ సరుకు తీసిన కొత్త కుర్రాడు, ప్రసూతి సెలవు నుంచి వచ్చినామె, కాంట్రాక్టు హెల్పర్. ముందు ఎవరికి వారే ఐదు నిమిషాల్లో పంపకం రాసుకోవాలి, ఆ తర్వాతే గుంపులో కూర్చోవాలి. ఈ వరుస తప్పితే గొంతు పెద్దదైనవాడి లెక్కే అందరి లెక్కవుతుంది. గొడవెందుకని తలా పదివేలు అనే గుంపులు తప్పకుండా ఉంటాయి. వాళ్లలో ఒకరిని లేపి, ఆ కుర్రాడికి ఈ మాట ఎలా చెబుతావో చెప్పమను. చివర్లో ఒక చీటీ చదివించు: కుర్రాడికిచ్చింది కొత్త మిషను, సీనియర్‌కి పాతది. వాళ్లు అంకెలు కొట్టేసి మళ్లీ రాసుకుంటారు. ఆడమ్స్ పేరు అప్పుడు ఎత్తాలి, ముందే చెబితే పిల్లలు మార్కులొచ్చే జవాబు వెతుక్కుంటారు.

పంపకం పద్ధతి ముందే తెలిసి, అడిగే వీలుంటే తక్కువ వచ్చినవాడి కోపం కొంత తగ్గుతుంది. దీనికి ఇంకో పాఠం కావాలి, ఇందులో ఇరికించకు.

ఎవరు అచ్చేస్తారని అడిగావు. ముందు రెండో పేజీ నుంచి తిరగరాసి పంపు.