కొట్టేసిన కేసు, ఎన్-400లో అరెస్టు ప్రశ్న

మీ షాప్‌లిఫ్టింగ్ కేసు కొట్టేసినా అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూలో ఫైలు ఆగిందంటే, దరఖాస్తు ఫారం ఎన్-400లో అరెస్టు ప్రశ్న దగ్గర "లేదు" అని పెట్టడం వల్లే అయ్యుంటుంది. అక్కడ అడిగేది శిక్ష పడిందా అని కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని. రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే. వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గర బయటపడతాయి.

1. కేసు నడిచిన కోర్టు క్లర్క్ నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు చివరికి ఏమైందో చెప్పే ధ్రువీకరించిన కాగితం) తెచ్చుకోండి. వెబ్‌సైట్ ప్రింటవుట్ మీద ఆధారపడొద్దు.

2. అందులో "ప్లీ" (నేరం గురించి కోర్టులో మీరిచ్చిన జవాబు) ఏమని ఉందో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. గిల్టీ అని ఒప్పుకుని, జడ్జి చెప్పిన క్లాసులు గానీ కమ్యూనిటీ సర్వీసు గానీ పూర్తి చేశాక కేసు కొట్టేశారా? రాష్ట్రం లెక్కలో అది డిస్మిస్, ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో మాత్రం కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. కాగితం మీద ఒక్క పదం, తేడా మాత్రం అంతా ఇంతా కాదు.

3. గిల్టీ అని ఉంటే ఏమీ పంపకముందే ఇమిగ్రేషన్ లాయరుకి చూపించండి. ఆ ప్లీ వల్ల వచ్చే ఇమిగ్రేషన్ చిక్కులు అప్పటి డిఫెన్స్ లాయరు చెప్పలేదా? అదీ చెప్పండి. 2010 నాటి పడిల్లా వర్సెస్ కెంటకీ తీర్పు ప్రకారం లాయరు అవి మీకు చెప్పడం అమెరికా రాజ్యాంగం ఆరో సవరణ కింద మీ హక్కు. ఆ తీర్పు తర్వాతి కేసైతే ప్లీ రద్దుకి దారి ఉండొచ్చు.

4. ఆఫీసరిచ్చిన ఎన్-14 (ఇంకా కాగితాలు కావాలని అడిగే ఫారం) మీద గడువు దాటనివ్వకండి.

ఇది తేలేదాకా ఇండియా టికెట్లు మాత్రం బుక్ చేయకండి.