దిద్దుబాట్లు దాచడం వేరు, తీసెయ్యడం వేరు

చిరంజీవి చిన్నోడికి,

నీ మెసేజ్ చదివాను. నలుగురు కలిసి దిద్దిన రిపోర్టు, పంపాల్సిన గడువు దగ్గరపడింది. నువ్వు ఎర్రగీతలన్నీ తీసేశాననుకుంటే అవతలివాళ్లకు మళ్లీ అన్నీ కనబడ్డాయన్నావు. టెన్షన్ పడకు నాన్నా, చాలామందికి ఎదురయ్యేదే ఇది. నువ్వు వర్డ్‌లో రివ్యూ ట్యాబ్‌కి వెళ్లి ‘నో మార్కప్’ పెట్టి ఉంటావు. అది గీతల్ని నీ కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే. కొట్టేసిన మాటలు, వాటిని ఎవరు ఎప్పుడు కొట్టేశారన్న వివరాలు ఫైల్లో అలాగే ఉంటాయి. ఎవరు ఏం మార్చారో నమోదు చేసే ‘ట్రాక్ ఛేంజెస్’ ఆపేసినా అంతే. ఇకముందు చేసే మార్పులు నమోదు కావు గానీ, పాతవి ఎక్కడికీ పోవు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. 2004లో ఎస్‌సీఓ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ డైమ్లర్ క్రిస్లర్ అనే కార్ల కంపెనీ మీద దావా వేసింది. ఆ దావా పత్రం వర్డ్ ఫైలు విలేఖరుల చేతికొచ్చింది. అందులో దాగి ఉన్న పాత దిద్దుబాట్లు చూస్తే, ముందు ప్రతివాదిగా రాసుకున్నది బ్యాంక్ ఆఫ్ అమెరికా పేరని బయటపడింది. లాయర్లు లోపల అనుకుని మానుకున్న సంగతి వార్తయి కూర్చుంది. నీ రిపోర్టులోనూ మీలో మీరు అనుకున్న అంకెలు, ఒకరి మీద ఒకరు రాసుకున్న వ్యాఖ్యలు ఉంటాయి కదా.

ముందుగా ఫైలుకి ఒక కాపీ తీసి, పేరు మార్చి పక్కన పెట్టు. ఏ మార్పు ఎవరిదని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అది కావాలి. తర్వాత మిగతా ముగ్గురికీ ‘నేను ఫైనల్ చేస్తున్నాను, కాసేపు ఎవరూ ముట్టుకోకండి’ అని చెప్పు. నువ్వు ఒకవైపు శుభ్రం చేస్తుంటే ఇంకొకరు అదే ఫైల్లో కొత్తవి చేర్చారంటే ఆ పని తెమలదు. అప్పుడు ట్రాక్ ఛేంజెస్ ఆపు. దిద్దుబాట్లన్నీ కనబడేలా ‘ఆల్ మార్కప్’ పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కో దిద్దుబాటునీ ఒప్పుకోవడమో (యాక్సెప్ట్) తోసెయ్యడమో (రిజెక్ట్) చేస్తూ పో. యాక్సెప్ట్, రిజెక్ట్ బటన్లు పనిచెయ్యకపోతే ఎవరో ట్రాకింగ్‌కి పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేశారేమో, కనుక్కో.

అందరూ తడబడేది యాక్సెప్ట్ దగ్గరే. ‘జూన్’ మీద అడ్డగీత ఉంది, పక్కన కొత్తగా ‘ఆగస్టు’ ఉంది అనుకో. అడ్డగీత ఉన్న మాట మీద యాక్సెప్ట్ నొక్కితే ఆ మాట పోతుంది, రిజెక్ట్ నొక్కితే ఉంటుంది. కొత్తగా చేర్చిన మాటకి దీనికి తిరగేసి. అంటే నువ్వు ఒప్పుకుంటున్నది దిద్దుబాటుని, అక్కడున్న మాటని కాదు. రెండిట్లో ఒకదాన్ని వదిలేశావంటే వాక్యంలో రెండు నెలలూ మిగలొచ్చు, రెండూ పోవచ్చు.

‘యాక్సెప్ట్ ఆల్’ కొట్టేసి ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. వద్దు. ‘సభ్యులందరూ సోమవారంలోగా బదులివ్వాలి’ అని వాక్యం ఉంది అనుకో. ఒకాయన ‘సోమవారంలోగా’ తీసేసి ‘వారంలోగా’ అని పెట్టాడు. అంటే ఏడు రోజుల్లో. ఇంకొకావిడ సోమవారానికి ముందు ‘వచ్చే’ చేర్చింది. రెండూ ఒప్పుకుంటే ‘వచ్చే వారంలోగా బదులివ్వాలి’ అవుతుంది. చదవడానికి నున్నగా ఉంటుంది, తప్పని పట్టుకునేవాడుండడు. కానీ ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. అందుకే తేదీలు, అంకెలు, పేర్లు, షరతులు ఉన్న వాక్యాలు ఒక్కొక్కటే చూడు. దిద్దాక ఆ వాక్యం మొత్తం మళ్లీ చదువు.

అక్షరం సైజు, బోల్డ్, మార్జిన్ల లాంటివాటికి అంత ఓపిక అక్కర్లేదు. ‘షో మార్కప్’లో ఫార్మాటింగ్ ఒక్కటే ఉంచి మిగతావి టిక్ తీసెయ్, ‘యాక్సెప్ట్ ఆల్ ఛేంజెస్ షోన్’ నొక్కు. కనబడుతున్నవి మాత్రమే ఖాయమవుతాయి. తర్వాత టిక్కులన్నీ మళ్లీ పెట్టడం మర్చిపోకు.

కామెంట్ల సంగతి. ‘రిజాల్వ్’ నొక్కితే అది మసకబారుతుందే గానీ ఫైల్లోంచి పోదు. డిలీట్ చెయ్యాలి. అన్నీ ఒక్కసారే తీసే బటన్ అక్కడే ఉంది. అయితే తీసేముందు ప్రతిదీ చదువు. ‘ఈ అంకె ఎక్కడిది?’ అని నీ సహోద్యోగి అడిగి ఉంటే, జవాబు చెప్పకుండా ప్రశ్నని చెరిపెయ్యడం వాళ్ల శ్రమని కించపరచడమే.

చివర్లో ఫైల్, ఇన్ఫోలో ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ ఉంటుంది, అది నడుపు. హెడర్లో, ఫుట్‌నోట్లో, టెక్స్ట్ బాక్సుల్లో నీ కన్నుగప్పినవేమైనా మిగిలుంటే చెబుతుంది. దిద్దుబాట్లు ఉన్నాయని చూపిస్తే అక్కడ ‘రిమూవ్ ఆల్’ నొక్కకు. అది అన్నిటినీ ఒప్పేసుకుంటుంది. వెనక్కి వెళ్లి నువ్వే తేల్చుకో. రాసినవాళ్ల పేర్లు మాత్రం అక్కడ నిశ్చింతగా తీసెయ్యొచ్చు.

గూగుల్ డాక్స్ అయితే టూల్స్‌లో సజెషన్లు (అక్కడ దిద్దుబాట్లని అలా అంటారు) చూసే చోటు ఉంది, ముందు వాటిని తేల్చు. ఆ తర్వాత కూడా అసలు లింకుని ఎడిట్ చేసే హక్కుతో ఇవ్వకు. వర్షన్ హిస్టరీలో పాతదంతా వాళ్లకి కనబడుతుంది. కామెంట్లు రాకుండా ‘మేక్ ఎ కాపీ’ చేసి, ఆ కొత్త కాపీని పంపు. పాత హిస్టరీ దాని వెంట రాదు.

పంపే ముందు ఆ ఫైలుని నీకు నువ్వే మెయిల్ చేసుకుని, వేరే కంప్యూటర్లో తెరిచి, ఆల్ మార్కప్ పెట్టి చూడు. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ తీసి పంపు, రాత్రి పదింటి దాకా మెలకువగానే ఉంటాను.

నీ పెద్దమ్మ