మండపంలో వెలుతురు మారలేదు, మారింది మీ కెమెరా

ప్రశ్న: సార్, ఏడాది కిందట సెకండ్ హ్యాండ్‌లో డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. దాంతో వచ్చిన 18-55 లెన్స్ తప్ప ఇంకేం లేదు. మొన్న మావయ్య కూతురి పెళ్లిలో 1200 ఫొటోలు తీశాను. ఒకదాంట్లో మొహాలు నల్లగా ఉన్నాయి, ఆ వెంటనే తీసినదాంట్లో మధుపర్కాలు ఉత్త తెల్లకాగితంలా వచ్చాయి. జీలకర్ర బెల్లం ఫొటోలు సగం షేక్ అయ్యాయి. పది రోజులుగా రాత్రిళ్లు కూర్చుని ఒక్కోటీ లైట్‌రూమ్‌లో సరిచేస్తున్నా, ఇంకా రెండొందలు కూడా కాలేదు, అత్తయ్య రోజూ ఫోన్ చేస్తోంది. ఎడిటింగ్ కోర్సు చేస్తే స్పీడ్ వస్తుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, తణుకు

జవాబు: కోర్సు డబ్బులు దాచుకోండి. మీ ఫొటోలన్నీ ఒకే రకంగా చెడి ఉంటే, ఒకటి బాగుచేసి అదే సెట్టింగ్ మిగతావాటికి అతికించేసి గంటలో పడుకునేవారు. ఒక్కోటీ ఒక్కో రకంగా చెడింది కాబట్టే ఈ జాగారం.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. కిటికీ పక్కన కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచి, ఫ్రేమంతా అదే నిండేలా పి మోడ్‌లో (వెలుతురు లెక్కంతా కెమెరాయే చూసుకునే మోడ్), ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీయండి. అదే కుర్చీ మీద నల్ల గొడుగు పెట్టి ఇంకోటి తీయండి. తువ్వాలూ గొడుగూ రెండూ బూడిదరంగులోనే వస్తాయి! కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు, ఏది కనిపించినా దాన్ని మధ్యరకం వెలుగుకి తేవడం ఒక్కటే దానికి తెలుసు. మధుపర్కాల్లో ఉన్న ఇద్దరూ ఫ్రేము నిండా ఉంటే, అమ్మో ఇంత తెలుపా అని వెలుతురు తగ్గించేసింది, దాంతో మొహాలు నల్లబడ్డాయి. మీరు రెండడుగులు వెనక్కి జరిగితే వాళ్ల వెనకున్న చీకటి కూడా ఫ్రేములో పడింది, ఈసారి అంతా చీకటే అనుకుని పెంచేసింది, బట్టలు వివరాలేమీ లేని ఉత్త తెలుపైపోయాయి, దీన్నే మేం కాలిపోవడం అంటాం. ఈ రెండు ఫొటోల మధ్య వీడియోవాళ్ల లైటు అంగుళం కూడా కదిలి ఉండదు.

అందుకే మండపంలో మాన్యువల్ మోడ్ పెట్టండి, అంటే సెట్టింగులు కెమెరా కాదు, మీరే పెడతారు. భయపడాల్సిందేం లేదు, లైటు మారనంతసేపూ సెట్టింగ్ కూడా మారదు, నిజానికి ఆటో కంటే ఇదే టెన్షన్ తక్కువ. మీ లెన్స్‌తో ఒక చిక్కుంది. లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పేది ఎఫ్ నంబరు, అది పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. 18 దగ్గర ఎఫ్ 3.5 ఇచ్చేది 55కి జూమ్ చేసేసరికి 5.6కి పడిపోతుంది, అంటే వెలుతురు సగం కంటే తగ్గిపోతుంది. కాబట్టి మొదటే 5.6 పెట్టేయండి, జూమ్ ఎటు తిప్పినా తేడా రాదు. షటర్ 1/100, అంటే సెకనులో వందోవంతు సేపే తెరుచుకుంటుంది. షేక్ అయిన ఫొటోల వివరాలు తెరిచి చూడండి, 1/20 అనో 1/30 అనో ఉంటుందని పందెం. 1/100కి ఇంకో లాభం ఏమిటంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దానికి తగ్గట్టు కొన్ని ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, ఈ స్పీడులో ఆ మిణుకు వల్ల వచ్చే చారలు ఫొటోలో పెద్దగా పడవు. తలంబ్రాలప్పుడు మాత్రం 1/250కి వెళ్లండి, లేకపోతే బియ్యం గింజలు గీతల్లా వస్తాయి.

ఇక మిగిలింది ఐఎస్ఓ, అది పెంచితే అదే వెలుతురులో ఫొటో ఇంకా వెలుగ్గా వస్తుంది. 1600 దగ్గర మొదలుపెట్టి ఒక ఫొటో తీసి చూసుకోండి. మెనూలో హైలైట్ అలర్ట్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే కాలిపోయిన చోటు స్క్రీన్ మీద మిణుకుమిణుకుమంటుంది. మధుపర్కం మీద మిణుకు ఆగేదాకా తగ్గించండి, చీకటిగా ఉంటే 3200కైనా పెంచండి. ఇసుక చల్లినట్టు కాస్త గరుకు వస్తుంది, రానివ్వండి, ఆల్బమ్‌లో ఎవరూ గమనించరు. షేక్ అయితే మాత్రం అత్తయ్య కూడా గమనిస్తుంది.

రంగుల సంగతీ ఇంతే. తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఎర్ర పట్టుచీర దగ్గరకొస్తే ఒకలా, పూల పందిరి దగ్గర ఇంకోలా మారుతుంది. పని మొదలుపెట్టే ముందు మండపం లైట్లో పురోహితుడి తెల్లపంచె మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, అంటే తెలుపంటే ఇదీ అని కెమెరాకి చూపించండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇదంతా నేనేదో పుట్టుకతో నేర్చుకున్నానని కాదు. రీల్ రోజుల్లో ఒక పెళ్లికి ఫ్లాష్ బిగించి షటర్ 1/60కి తిప్పడం మర్చిపోయి 1/250లోనే తీసేశాను. ఆ స్పీడులో ఫ్లాష్ వెలిగేసరికి షటర్ తెర ఫ్రేమును కొంత మూసేస్తుంది. కడిగాక చూస్తే 36 ఫ్రేముల్లో 11 సగం నల్లగా వచ్చాయి. పెళ్లికూతురు ఉంది, పెళ్లికొడుకు లేడు. ఆ ఇంటివైపు రెండేళ్లు వెళ్లలేదు.

అన్నట్టు, ఆ 1200లో మంచివి నలభై ఏరి ఈ రాత్రే అత్తయ్యకి పంపేయండి.

ప్రశ్న: రా ఫార్మాట్‌లో తీస్తే అన్నీ తర్వాత సరిచేసుకోవచ్చంటారు, మరి ఈ కష్టమంతా ఎందుకు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అన్నీ కాదండీ. మామూలుగా కెమెరా కుదించి ఇచ్చే జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 వెలుగు మెట్లుంటాయి, కెమెరా పట్టినదాన్ని పెద్దగా మార్చకుండా దాచే 14 బిట్ రా ఫైల్లో 16,384 ఉంటాయి. కాబట్టి రంగు తేడా వచ్చినా, కొంచెం చీకటిగా వచ్చినా బాగానే లాక్కురావచ్చు. పూర్తిగా కాలిపోయిన తెలుపులో మాత్రం జరీ అంచు తిరిగి రాదు, అక్కడ ఏమీ నమోదే కాలేదు కదా. ఫోకస్ కంటి మీద కాకుండా బాసికం మీద పడితే దానికీ అంతే. రాలోనే తీయండి, వద్దనను, కార్డు మాత్రం పెద్దది పెట్టుకోండి.