కొత్త డిస్కులు వేశాక బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణకడం

ముందు చక్రాలకు ప్యాడ్లు, డిస్కులు ఇంట్లోనే మార్చానని, 400 కిలోమీటర్లు తిరిగాక 80 వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతోందని రాశారు. దయచేసి వెంటనే మరో జత డిస్కులు కొనకండి. నా అనుమానమంతా హబ్బు (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీది తుప్పు పైనే. పాత డిస్కు తీశాక హబ్బును శుభ్రం చేసినట్టు మీరెక్కడా చెప్పలేదు.

అక్కడ చిన్న పెచ్చు మిగిలినా డిస్కు కాస్త ఒరిగి కూర్చుంటుంది. అంచు దగ్గర ఊగిసలాట 0.05 మిల్లీమీటర్లు దాటితే, ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుంటూ మందంలో తేడా వస్తుంది. వణుకు మొదటి రోజే కాకుండా ఆలస్యంగా మొదలయ్యేది అందుకే. నా కారులో కారణం గోరంత పెచ్చే!

జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టి డిస్కు విప్పండి. కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాన్ని) బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. హబ్బును, ముఖ్యంగా బోల్టుల మొదళ్లను, లోహం మెరిసేదాకా వైరు బ్రష్షుతో రుద్దండి. చక్రం నట్లను ఎదురెదురుగా, మాన్యువల్‌లోని టార్క్ (బిగింపు బలం) మేరకే బిగించండి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు నొక్కి వదలాలి, ఇది మరవద్దు.

అప్పటికీ వణికితే డిస్కు అప్పటికే అరిగిందన్నమాట. లేత్ మీద చదును చేయించవచ్చు, కానీ డిస్కుపై ముద్రించిన కనీస మందం కంటే తగ్గకూడదు.