పంపు మార్చినా బండి ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: నాది 1974 షెవర్లే సీ10 ట్రక్కు. 350 వీ8 ఇంజను, నాలుగు గొంతుల క్వాడ్రాజెట్ కార్బురేటర్. మెల్లగా తిప్పినంతసేపూ బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడో, వేగంగా కొంతదూరం నడిపాకో దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఫ్యూయల్ పంపు రెండుసార్లు మార్పించాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోమంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. రెండు కొత్త పంపులూ ఒకేలా మొరాయించాయంటే తప్పు వాటిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. పాత బండి ఆగితే అందరి చూపూ ముందు పంపు మీదే పడుతుంది. నేను మాత్రం పంపుకు వెనక, ట్యాంకు వైపు నుంచి వెతుకుతాను.

అంతకంటే ముందు, ఆగుతున్నది పెట్రోలు అందకే అని తేల్చుకోవాలి. ఈసారి బండి ఆగిన వెంటనే, మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా, ఎయిర్ క్లీనర్ తీసి కార్బురేటర్‌లోకి టార్చి వేయండి. ముఖం దూరంగా పెట్టుకుని చేత్తో థ్రాటిల్ తిప్పండి. ముందువైపు ఉన్న రెండు చిన్న గొంతుల్లోకీ చెరో సన్నటి ధార చిమ్మాలి. గట్టిగా చిమ్మితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు పంపును వదిలేసి ఇగ్నిషన్, అంటే స్పార్కు ఇచ్చే ఏర్పాటు చూడండి. కాయిల్ వేడెక్కి చచ్చుబడినా బండి ఇలాగే ఆగుతుంది, చల్లారాక ఇలాగే లేస్తుంది. ధార రాకపోతే గిన్నె ఎండిపోయినట్టు. క్వాడ్రాజెట్ గిన్నె చిన్నది కాబట్టి, ఎత్తు మీద సరఫరా కొంచెం తగ్గినా ఇట్టే ఖాళీ అవుతుంది.

ధార రాలేదనుకుందాం. వెంటనే ట్యాంకు మూత తిప్పండి. గాలి బుస్సున లోపలికి పోతే మీ దొంగ దొరికినట్టే. పెట్రోలు ఖర్చయిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. మూతలోని వాల్వో, వెంట్ పైపో మూసుకుపోతే లోపల వాక్యూం పెరిగి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. బండి ఆగాక ఆ వాక్యూం మెల్లగా విడుతుంది, అందుకే కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంది. మూత ఎప్పుడైనా మార్చి ఉంటే అది ఈ బండికి సరిపడేదేనా అన్నదీ చూసుకోండి. బిగుతుగా పట్టినంత మాత్రాన సరిపోదు.

మూత బాగుంటే రబ్బరు పైపుల దగ్గరికి రండి. ట్యాంకు దగ్గరా, ఫ్రేము మీది ఇనప పైపుకూ పంపుకూ మధ్యా రబ్బరు ముక్కలుంటాయి. పంపు లాగే వైపు పైపుకు సన్నటి పగులు ఉంటే చాలాసార్లు చుక్క కూడా కారదు, గాలిని మాత్రం లాగేస్తుంది. పైకి పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టే చాలామంది దాన్ని వదిలేస్తారు. వంచి చూడండి. గట్టిపడినా, సన్నటి గీతలు కనిపించినా తీసేయండి. కొత్తది ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే రకం అయ్యుండాలి, క్లిప్పులూ కొత్తవే వేయండి. ట్యాంకు లోపల పైపు చివర జాలీ సంచి ఒకటి ఉంటుంది. తుప్పు రజను దాన్ని కప్పేస్తే నెమ్మది నడకకు సరిపడా పెట్రోలు వస్తుంది, ఎత్తుకు చాలదు. ఇంజను ఆగగానే ఆ రజను కొంత జారిపోతుంది.

ఇక కార్బురేటర్‌కు పైపు బిగించే పెద్ద నట్టు. దాని లోపల చిన్న ఫిల్టర్, వెనక స్ప్రింగు ఉంటాయి. పంపులు మారుస్తారు గానీ ఈ నట్టు విప్పిన పాపాన ఎవరూ పోరు! విప్పేటప్పుడు పైపు మెలిపడకుండా రెండు స్పానర్లు వాడండి.

ఇవన్నీ అయ్యాక కొలత తీయండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, పెట్రోలు డబ్బాలోకి పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టించండి. అర నిమిషంలో సుమారు అర లీటరు రావాలి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ధారలో బుడగలు వస్తే ఎక్కడో ఇంకా గాలి లాగుతోంది. బుడగలు లేకుండా ధారే సన్నగా ఉంటే, ఇంజను లోపల తిరిగే కామ్‌షాఫ్ట్ నుంచి పంపును కొట్టే పుష్‌రాడ్ అనే కడ్డీ తీసి పొడవు కొలవండి. 5.75 అంగుళాలు ఉండాలి. అది అరిగితే ఎంత కొత్త పంపైనా పూర్తిగా కొట్టదు.

ఎలక్ట్రిక్ పంపు సంగతి ఆ తర్వాత. పగిలిన పైపు, మూసుకుపోయిన మూత అలాగే ఉంటే అదీ ఇలాగే ఆపుతుంది.

ప్రశ్న: ఇదే కాలం నాటి మా ట్రక్కులో ఇంజనాయిల్ లెవెల్ పెరుగుతోంది. డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తోంది. నడపొచ్చా?

జవాబు: నడపకండి, స్టార్టు కూడా చేయకండి. పంపు లోపలి పలచటి పొర, అంటే డయాఫ్రం, చిరిగి పెట్రోలు ఆయిల్లోకి దిగుతుండొచ్చు, లేదా గిన్నె నిండగానే పెట్రోలును ఆపాల్సిన కార్బురేటర్ నీడిల్ మూసుకోక పొంగుతుండొచ్చు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ముందు కారణం సరిచేసి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాకే తాళం తిప్పండి.